ఏఎఫ్‌పీ పెరిగిందంటే ముందు తేదీ చూడండి

కేన్సర్ గడ్డ వల్ల లివర్ మార్పిడి చేయించుకున్న ఇంట్లో టాక్రో (కొత్త లివర్‌ని శరీరం తిరస్కరించకుండా వేసుకునే టాక్రోలిమస్) లెవెల్ తర్వాత అందరి నోళ్లలో నలిగే మాట ఏఎఫ్‌పీ. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోనుకి పీడీఎఫ్ వస్తుంది. అంకె లావుపాటి అక్షరాల్లో ఉంటుంది, పక్కన 'హెచ్' అని గుర్తు. ఎవరో దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. పది నిమిషాల్లో డాలస్ నుంచి మేనల్లుడు "మామయ్యా, నార్మల్ దాటింది కదా, డాక్టరుగారితో మాట్లాడారా?" అని అడుగుతాడు. విజయవాడ పెద్దమ్మ "కామెర్లకి పసరు పోసే ఆయన మాకు తెలుసు, నంబరు పంపనా?" అంటుంది. పేషెంటు మాత్రం ఏమీ అనడు, అన్నం సగంలో లేచిపోతాడు.

ఆ రాత్రి ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్పడానికే ఈ అధ్యాయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లివర్ కేన్సర్‌లో రక్తపరీక్ష అంకె జాతకం కాదు. ఎన్నాళ్లు బతుకుతారన్నది అందులో రాసి ఉండదు. ఈ మనిషిని ఎంత దగ్గరగా, ఎన్నేళ్లపాటు కనిపెట్టుకుని ఉండాలో డాక్టర్లు తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. ఆ పనికైనా ఒక్క అంకె చాలదు. అంతకుముందు వచ్చిన అంకెలు కావాలి, తీసేసిన పాత లివర్ మీద వచ్చిన పాథాలజీ రిపోర్టు కావాలి, స్కాన్ కావాలి.

స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంటే రక్తం ఎందుకు?

1996లో ఇటలీలోని మిలాన్‌లో విన్సెంజో మజాఫెర్రో బృందం లివర్ కేన్సర్‌లో ఎవరికి మార్పిడి చేయొచ్చో కొలత చెప్పింది. గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. రెండో మూడో ఉంటే ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపే ఉండాలి. పెద్ద రక్తనాళాల్లోకి పాకకూడదు, లివర్ దాటి బయటికి పోకూడదు. ఈ రకంగా ఎంచుకున్న 48 మందిలో నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికి ఉంటారని వాళ్ల లెక్క తేలింది. అంతవరకూ లివర్ కేన్సర్‌కి మార్పిడి అంటే డాక్టర్లే వెనకాడేవారు. "మీది మిలాన్ లోపలే ఉందండీ" అని ఇవాళ మన ఆసుపత్రిలో డాక్టరుగారు అన్నారంటే దాని అర్థం ఇదే.

అయితే ఈ కొలత గడ్డ సైజు చెబుతుంది, గుణం చెప్పదు. ఇద్దరికీ 4 సెంటీమీటర్ల గడ్డే ఉంటుంది. మార్పిడి తర్వాత ఒకరికి పదేళ్లయినా తిరగబెట్టదు, ఇంకొకరికి ఏడాదిలోనే ఊపిరితిత్తుల్లో తేలుతుంది. చాలాసార్లు తేడా సన్నని రక్తనాళాల దగ్గర ఉంటుంది. గడ్డ చుట్టూ ఉన్న సూక్ష్మమైన నాళాల్లోకి కేన్సర్ కణాలు చొరబడి ఉంటే, లివర్ మొత్తం తీసేసినా అప్పటికే కొన్ని ఒంట్లోకి జారుకుని ఉండొచ్చు. ఈ చొరబాటు సీటీలోనూ ఎమ్మారైలోనూ నేరుగా కనబడదు. తీసేసిన లివర్‌ని మైక్రోస్కోపు కింద పెట్టాకే తెలుస్తుంది, అంటే మార్పిడి అయిపోయాక. ముందే ఎలాగైనా పసిగట్టాలని డాక్టర్లు రక్తం వైపు చూడటానికి కారణం ఇదీ.

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. కడుపులో ఉన్న బిడ్డ లివర్ దీన్ని బాగా తయారుచేస్తుంది, పుట్టాక ఆ ఉత్పత్తి పడిపోతుంది. గర్భిణులకు చేసే ట్రిపుల్ మార్కర్ పరీక్షలో ఉండేదీ ఇదే, కాబట్టి కోడలి రిపోర్టునీ మామగారి రిపోర్టునీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. (నవ్వకండి, పోల్చినవాళ్లున్నారు.) పెద్దవాళ్లలో మామూలుగా మిల్లీలీటరుకి 10 నానోగ్రాముల లోపే ఉంటుంది. లివర్ కణం కేన్సర్‌గా మారినప్పుడు చాలాసార్లు ఈ పాత పనిని మళ్లీ మొదలుపెడుతుంది. 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ బృందం ఎలుకల్లో ఈ సంగతి కనిపెట్టింది. కొద్దికాలానికే యూరీ తతారినోవ్ లివర్ కేన్సర్ రోగుల రక్తంలో చూపించాడు. అరవై ఏళ్లు దాటినా దీన్ని పక్కకు నెట్టే రక్తపరీక్ష ఇంకా రాలేదు.

దీని లోపాలూ అంత పాతవే. లివర్ కేన్సర్ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు. మరోపక్క కేన్సర్ లేకపోయినా, హెపటైటిస్ బీ విజృంభించినప్పుడు, దెబ్బతిన్న లివర్ కణాలు తిరిగి పెరుగుతున్నప్పుడు ఇది కొంత ఎక్కుతుంది.

అందుకని ఫైల్లో మీరు మొదట వెతకాల్సింది నిన్నటి రిపోర్టు కాదు. గడ్డ మొదటిసారి బయటపడినప్పుడు, ఏ చికిత్సా మొదలుపెట్టకముందు చేయించిన ఏఎఫ్‌పీ కాగితం వెతకండి. అప్పుడు 4 సెంటీమీటర్ల గడ్డ ఉండి కూడా ఏఎఫ్‌పీ 6 మాత్రమే ఉందంటే, మీ మనిషి గడ్డ ఏఎఫ్‌పీని వదిలే రకం కాదు. మార్పిడి తర్వాత ప్రతిసారీ 5, 6 వస్తోందని సంబరపడి స్కాన్ వాయిదా వేస్తే మోసపోతారు. అప్పట్లో 700 ఉండి ఉంటే మాత్రం, తిరగబెట్టినప్పుడు ఈ పరీక్ష చెప్పే అవకాశం బాగా ఉంది. ఒకే పరీక్ష, ఒకరికి కాపలాదారు, ఇంకొకరికి ఉత్త కాగితం.

మార్పిడికి ముందు గీత ఎక్కడ?

2012లో ఫ్రాన్స్ డాక్టర్లు గడ్డ సైజు, గడ్డల సంఖ్య, ఏఎఫ్‌పీ కలిపి ఒక స్కోరు తయారుచేశారు. అందులో 2 దాటితే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువని లెక్క. ఏఎఫ్‌పీ 100 నుంచి 1000 మధ్య ఉంటే 2 పాయింట్లు, 1000 దాటితే 3. అంటే గడ్డ ఎంత చిన్నదైనా ఏఎఫ్‌పీ వెయ్యి దాటితే ఆ ఒక్కదానితోనే గీత దాటేసినట్టు. అమెరికాలోనూ వెయ్యి దగ్గరే ఆపుతారు. వెయ్యి దాటినవాళ్లకి ముందు గడ్డ మీద చికిత్స చేసి, ఏఎఫ్‌పీ 500 లోపుకి దిగితేనే కేన్సర్ పేరుతో వెయిటింగ్ లిస్టులో ఇచ్చే అదనపు పాయింట్లు ఇస్తారు. జపాన్ వాళ్లు 5-5-500 అని పెట్టుకున్నారు. గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, గడ్డలు ఐదు లోపు, ఏఎఫ్‌పీ 500 లోపు.

గీతల కంటే నాకు ముఖ్యంగా తోచేది వాటి వెనకున్న ఆలోచన. ఇద్దరు పేషెంట్లను ఊహించుకోండి. మొదటాయనకి జనవరిలో ఏఎఫ్‌పీ 400. గడ్డకి రక్తం అందించే నాళంలోంచి మందు పంపి నాళాన్ని మూసే టేస్ చికిత్స చేశారు. ఏప్రిల్‌కి 90కి దిగింది. రెండో ఆయనకి జనవరిలో 40, ఫిబ్రవరిలో 70, ఏప్రిల్‌లో 130. ఏప్రిల్ కాగితాలు రెండూ పక్కపక్కన పెడితే 90కీ 130కీ పెద్ద తేడా లేదు. డాక్టరు మాత్రం రెండో ఆయన గురించే కంగారుపడతారు. ఫ్రాన్స్‌లోనే 2010లో ఒక బృందం, వెయిటింగ్‌లో ఉండగా ఏఎఫ్‌పీ నెలకి 15 నానోగ్రాములకు మించి ఎక్కుతూ పోయినవాళ్లకి మార్పిడి తర్వాత ఫలితాలు బాగోలేదని చూపించింది. రెండో ఆయనది నెలకి 30 చొప్పున ఎక్కుతోంది. చికిత్సకి లొంగుతున్న గడ్డ వేరు, లొంగని గడ్డ వేరు. అంకె పక్కన తేదీ లేకపోతే ఆ తేడా కనబడదు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. చనిపోయినవాళ్ల అవయవాల కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకునేవాళ్లు ఉన్నా, దేశంలో లివర్ మార్పిడుల్లో ఎక్కువ భాగం బతికున్న దాతతోనే జరుగుతాయి. ఇచ్చేది భార్య, కొడుకు, కూతురు. అందరూ ఎదురుచూసే ఉమ్మడి లిస్టులోంచి వచ్చే లివర్ కాదు కాబట్టి, మిలాన్ గీత దాటిన పేషెంటుకి కూడా చేద్దామా వద్దా అన్నది చాలావరకు ఆ ఆసుపత్రి బృందం, ఆ కుటుంబం కలిసి తేల్చుకుంటారు. అలాంటప్పుడు ఏఎఫ్‌పీ లెక్క పేషెంటుకి ఎంత అవసరమో దాతకీ అంతే అవసరం. కౌన్సెలింగ్ గదుల్లో తరచూ జరిగే సంభాషణ ఇలా ఉంటుంది:

"మాకేం తెలుస్తాయి సార్ ఇవన్నీ. మా అబ్బాయికి చెప్పండి, వాడు చదువుకున్నాడు."

"అబ్బాయికి తర్వాత చెప్తానమ్మా. ఇచ్చేది మీరు. ఇది ఎంతమందిలో తిరగబెడుతుందో ముందు మీరు వినాలి."

ఇలా అనే డాక్టరు దొరికితే అదృష్టం. అనకపోతే మీరే అడగండి: "ఈయన ఏఎఫ్‌పీ, గడ్డ సైజు చూస్తే తిరగబెట్టే అవకాశం ఎంత? టేస్ చేసి మూడు నెలలు ఆగి చూడమంటారా?" అడిగినంత మాత్రాన ఇవ్వడం ఇష్టం లేదని కాదు. గడ్డ చికిత్సకి ఎలా స్పందిస్తుందో కొంతకాలం చూశాక నిర్ణయించడం చాలా చోట్ల పద్ధతే. లివర్ పనితీరు మరీ దిగజారి ఆగే వ్యవధి లేని కేసులు వేరు.

మిగతా మార్కర్లు

పివ్కా-2 గురించి చెప్పుకోవాలి. రక్తం గడ్డకట్టడానికి లివర్ చేసే ప్రోథ్రాంబిన్ విటమిన్ కె సాయంతో పూర్తవ్వాలి. కేన్సర్ కణాలు దాన్ని అసంపూర్తిగా వదిలేస్తాయి. ఆ అసంపూర్తి సరుకే పివ్కా. ఏఎఫ్‌పీ పెరగని కొందరిలో ఇది పెరుగుతుంది, సూక్ష్మ రక్తనాళాల చొరబాటుతో దీనికి సంబంధం ఎక్కువ. మనలాగే బతికున్న దాతల మీద ఆధారపడే జపాన్‌లో క్యోటో బృందం దీన్ని నేరుగా తమ ప్రమాణంలో చేర్చుకుంది: గడ్డలు పది లోపు, అన్నీ 5 సెంటీమీటర్ల లోపు, పివ్కా 400 లోపు. ఒక్క జాగ్రత్త. వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబడే మాత్రలు విటమిన్ కె పనినే అడ్డుకుంటాయి కాబట్టి, అవి వాడేవాళ్లలో కేన్సర్ లేకపోయినా పివ్కా వేలల్లోకి పోవచ్చు. ముదిరిన కామెర్లలోనూ పెరుగుతుంది. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఆ మాత్రల పేర్లు చెప్పండి.

ఏఎఫ్‌పీ-ఎల్3 అనేది ఏఎఫ్‌పీలోనే ఒక రకం. మసూర్ పప్పు గింజలోని ఒక ప్రోటీన్‌కి అతుక్కునే భాగాన్ని వేరుచేసి శాతంలో చెబుతారు. పది శాతం దాటితే అనుమానం పెరుగుతుంది. ఇది అన్ని చోట్లా చేయరు, చేయలేదని బెంగపెట్టుకోనక్కర్లేదు.

ఇక ఎన్ఎల్ఆర్. మామూలు సీబీసీలో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చేది. మార్పిడికి ముందు అది 5 దాటినవాళ్లలో కేన్సర్ ఎక్కువగా తిరగబెట్టినట్టు 2009లో న్యూయార్క్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. ఖర్చు లేనిది కాబట్టి యూట్యూబ్‌లో దీనికి గిరాకీ ఎక్కువ. నా సలహా ఏమిటంటే ఇంట్లో ఈ భాగహారం చేయకండి. పంటికి చీము పట్టినా, మార్పిడి తర్వాత స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నా ఆ అంకె ఎగిరిపోతుంది. అది ఆపరేషన్‌కి ముందు, డాక్టరు చేతిలో మాత్రమే పనికొచ్చే లెక్క.

మార్పిడి అయ్యాక

తీసేసిన లివర్‌ని పాథాలజీకి పంపుతారు. కొద్దిరోజులకి వచ్చే ఆ రిపోర్టుని చాలా ఇళ్లలో ఎవరూ చదవరు. అప్పటికి అందరి దృష్టీ కొత్త లివర్ మీద, డిశ్చార్జి మీద, బిల్లు మీద ఉంటుంది. కానీ రాబోయే ఐదేళ్లూ ఎలా కాపలా కాయాలో చెప్పేది ఆ కాగితమే. దాన్నీ, మార్పిడి నాటి ఏఎఫ్‌పీనీ కలిపి 2017లో అమెరికా, కెనడా కేంద్రాల డాక్టర్లు వెయ్యి మందికి పైగా రోగుల వివరాలతో 'రిట్రీట్' అనే స్కోరు చేశారు. ఇందులో లెక్క దాపరికమేమీ లేదు, డాక్టరుగారి ఎదుట కూర్చుని మీరూ వేయొచ్చు.

మార్పిడి సమయానికి ఏఎఫ్‌పీ 20 లోపుంటే 0, 21 నుంచి 99 అయితే 1, 100 నుంచి 999 అయితే 2, వెయ్యి చేరితే 3. సూక్ష్మ రక్తనాళాల్లో చొరబాటు ఉంటే 2. ఇక బతికున్న గడ్డల్లో పెద్దదాని సైజు సెంటీమీటర్లలో, దానికి అలాంటి గడ్డల సంఖ్య కలపాలి. మొత్తం 5 లోపుంటే 1, 5 నుంచి 10 లోపు 2, పది చేరితే 3. టేస్‌తో గడ్డ పూర్తిగా చచ్చిపోయి ఉంటే 0.

ఒకరి ఫైలు తీసుకుందాం. మార్పిడి నాటి ఏఎఫ్‌పీ 64, ఒక పాయింటు. పాథాలజీలో బతికున్న గడ్డలు రెండు, పెద్దది 3.2. రెండూ కలిపితే 5.2, రెండు పాయింట్లు. చొరబాటు లేదు. మొత్తం 3. అదే మనిషికి చొరబాటు కూడా ఉండి ఉంటే 5 అయ్యేది, కథ మారిపోయేది. ఆ అధ్యయనంలో స్కోరు సున్నా ఉన్నవాళ్లలో ఐదేళ్లలో తిరగబెట్టింది 3 శాతం కంటే తక్కువ. 5, ఆపైన ఉన్నవాళ్లలో 75 శాతం దాటింది. అందుకే స్కోరు ఎక్కువ ఉన్నవాళ్లకి మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి ఛాతీ, పొట్ట స్కాన్లతోపాటు ఏఎఫ్‌పీ చేయమంటారు. తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం ఆ రెండేళ్లలోనే జరుగుతాయి. స్కోరు తక్కువైతే ఆరు నెలలకోసారి చాలు. ఈ స్కోరు మిలాన్ లోపల ఉన్నవాళ్ల నుంచి తయారైంది, మిలాన్ దాటి చేయించుకున్నవాళ్లు దీన్ని యథాతథంగా తమకి అన్వయించుకోకూడదు.

మార్పిడి తర్వాత ఏఎఫ్‌పీ ఎంత త్వరగా దిగాలి? రక్తంలో అది సగం కావడానికి సుమారు ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆపరేషన్ నాడు 800 ఉందనుకోండి. వారానికి సగం చొప్పున 400, 200, 100, 50, 25, 12, 6. మామూలుకి రావడానికి ఏడు వారాలు. కాబట్టి రెండో వారంలో 200 చూసి బెంబేలెత్తకూడదు, అది సరైన దారిలోనే ఉంది. మూడో నెలలో 60 దగ్గర నిలబడిపోతే మాత్రం అడగాల్సిందే.

'హెచ్' అని వచ్చిన రాత్రి

ముందు తేదీ చూడండి, అంటే పాత రిపోర్టుల తేదీలు. దీనికోసం ఒక పొడుగు నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఏఎఫ్‌పీ, యూనిట్లు, ల్యాబు పేరు, ఆ వారం జ్వరమో కొత్త మందో ఉంటే అది, చివరి స్కాన్ ఎప్పుడన్నది. ఫోనులో ఉన్న పీడీఎఫ్‌లు దీనికి ప్రత్యామ్నాయం కావు. ఓపీలో డాక్టరుగారికి ఉండే నాలుగు నిమిషాల్లో ఒకే పేజీ మీద పన్నెండు అంకెలు వరసగా కనబడితే ఆయన చూపు మారుతుంది.

తర్వాత యూనిట్లు. కొన్ని ల్యాబులు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని ఐయూల్లో. ఒక ఐయూ సుమారు 1.2 నానోగ్రాములు. పోయినసారి ఒక ల్యాబులో 17 ఐయూ, ఈసారి ఇంకో ల్యాబులో 21 నానోగ్రాములు వస్తే పెరిగింది ఏమీ లేదు, రెండూ ఒకటే. యూనిట్లు ఒకటే అయినా ఒక్కో కంపెనీ మిషనుకి అంకె కొంత తేడాగా రావచ్చు. డిస్కౌంటు ఇస్తున్నారని ల్యాబులు మార్చకపోవడమే మంచిది.

మూడోది, జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు. కొన్ని మిషన్లు బయోటిన్ మీద ఆధారపడి కొలుస్తాయి. ఎక్కువ మోతాదులో వేసుకుంటే ఏఎఫ్‌పీ లాంటి పరీక్షల్లో ఉన్న అంకె తగ్గి కనబడుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే ఈ రకం పొరపాట్ల గురించి హెచ్చరించింది. పెరిగిందన్న భయం కంటే, పెరిగినా కనబడకపోవడం ప్రమాదం. వాడుతుంటే ల్యాబుకీ డాక్టరుకీ చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో కనుక్కోండి.

ఇవన్నీ చూశాక కూడా అంకె నిజంగానే ఎక్కినట్టుంటే, పొద్దున్నే ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి రెండు అంకెలు, రెండు తేదీలు చెప్పండి. మామూలుగా రెండు మూడు వారాల్లో మళ్లీ పరీక్ష చేయించి, స్కాన్ ముందుకి జరుపుతారు. హెపటైటిస్ బీ ఉన్నవాళ్లయితే ఎంటెకావిర్ లాంటి మాత్ర రోజూ వేసుకుంటున్నారా, వైరస్ లెక్క ఎంత ఉందని కూడా అడుగుతారు.

ఈ మధ్యలో చేయకూడనివి రెండున్నాయి. పసరు, తిప్పతీగ, రోగనిరోధక శక్తి పెంచే పొడులు ముట్టుకోవద్దు. మార్పిడి అయినవాళ్లకి డాక్టర్లు పనిగట్టుకుని ఆ శక్తినే అదుపులో పెడుతున్నారు. పైగా తిప్పతీగ వాడకంతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశం నుంచే 2021లో వైద్య పత్రికల్లో వచ్చాయి. రెండోది, "ఈ టాక్రో వల్లే కేన్సర్ వస్తుందట" అని ఎవరో చెప్పారని మోతాదు సొంతంగా తగ్గించకండి. మోతాదు తగ్గించాలా, ఎవెరోలిమస్ లాంటి మందుకి మార్చాలా అన్నది డాక్టర్లు నిజంగానే ఆలోచిస్తారు. కానీ మీరు ఇంట్లో తగ్గిస్తే ముందు పోయేది కొత్త లివర్.

ఒకవేళ తిరగబెట్టిందని తేలితే, చేయడానికి ఏమీ లేదని అనుకోవద్దు. ఊపిరితిత్తిలో ఒక్కటే చిన్న గడ్డ ఉంటే కోసి తీసేసిన కేసులు, రేడియేషన్‌తో అదుపు చేసినవి, సొరాఫెనిబ్, లెన్వాటినిబ్ మాత్రలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చినవి ఉన్నాయి. ఎంత తొందరగా, ఎన్ని చోట్ల అన్నదాన్ని బట్టి దారులు మారతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కేన్సర్ డాక్టరు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో ఉండి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ గురించి మాట్లాడితే, మొదటి డోసుకి ముందే ఆయన్ని మార్పిడి చేసిన బృందంతో ఫోనులో మాట్లాడించండి. ఆ మందులు నిరోధక శక్తికి ఉన్న కళ్లెం వదిలేస్తాయి, కొత్త లివర్‌ని శరీరం తిరస్కరించి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. మార్పిడి జరిగిన తేదీ, ఇప్పుడు వేసుకుంటున్న మందులు, కోఆర్డినేటర్ నంబరు, ఈ మూడూ నోటుబుక్కు అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాల్లో రాసి పెట్టుకోండి.